డబ్బ చెప్పిన చాడీ

చెప్పులు కూడా విడవకుండా యమున వంటింట్లోకి వెళ్లి డబ్బ ముందు వంగింది. గోడకు దిగేసిన సిమెంటు పలక మీద తెల్లటి థర్మోకోల్ పెట్టె. దాని లోపల ఒక బల్బు, ఒక నీళ్ల గిన్నె, తొమ్మిది కోడిగుడ్లు. పెట్టె పక్కన అట్టముక్కకు అంటించిన చిన్న తెర. తెర పై వరుసలో ఇప్పటి వేడి ముప్పై ఏడున్నర. బాగుంది. కింది వరుసలో, పొద్దుటి నుంచి వేడి ఎంత కిందికి పడిందో ఉంటుంది. అక్కడ ముప్పై ఉంది. నిన్న ముప్పై ఒకటి. మొన్నా అంతే.

"ఎవలో మూత తెరుస్తున్నరు," అంది యమున, అటు తిరక్కుండానే.

మధ్యాహ్నం పూట ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషి. భర్త వేణుమాధవ్ ఫస్టు షిఫ్టుకు గనిలోకి దిగితే పొద్దు వాలాక గానీ ఇల్లు చేరడు. యమున లక్ష్మీనగర్‌లో జైపాల్ మొబైల్ రిపేరు షాపులో పొద్దంతా వైర్లు అతికించే సోల్డరింగ్ గన్ను పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ఆ 'ఎవలో' అనే మాట ఎవరి గురించో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త సారవ్వ చెయ్యి ఆగింది.

"నన్నేనా?"

"ఇంట్ల ఇంకెవలున్నరు అత్తమ్మా?"

"నేను ముట్టలే బిడ్డా. పొద్దున నువ్వు చెప్పినట్టు గుడ్లు తిప్పిన. బొగ్గు గీత కిందికి వచ్చేటట్టు పెట్టి మూతేసిన. మళ్ల దాని మొకం చూడలే."

గుడ్లు తిప్పడం సారవ్వ పనే. ఒక్కో గుడ్డుకు ఒక పక్క బొగ్గుతో గీత గీసి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పక్క మార్చేది. యమున పొద్దున తిప్పడం అయ్యాక మీట నొక్కి కింది అంకెను చెరిపి షాపుకు పోయేది. సాయంత్రం వచ్చి, తిప్పకముందే చూసేది. మధ్యలో మూత ముట్టొద్దని చెప్పింది. ముట్టకపోతే ముప్పై ఎందుకు పడుతుంది?

"మరి వేడి ఎట్ల పడుతది? డబ్బ అబద్ధం చెప్తదా?" ఈసారి యమున గొంతు లేచింది. "నీకు కోడి రెక్క కింద చెయ్యి పెట్టి చూసే అలవాటు. ఇది కోడి కాదు అత్తమ్మా. మూత తెరిస్తే సల్లబడి సస్తయి లోపల. ఇగ నాలుగొద్దుల్ల పిల్లలైతయి, ఇప్పుడు గిట్ల చేస్తే ఎట్ల?"

ఆ క్వార్టర్ల లైనులో ఒక ఇంటి గోడే ఇంకో ఇంటికీ గోడ. ఇటు దగ్గితే అటు 'ఏమైందే' అని అడుగుతారు. యమున అరుపు ఎంత దూరం పోయిందో చెప్పాలంటే, నాలుగో ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిలు వేయబోతుంటే ఎవరో స్టవ్వు ఆర్పి మరీ విన్నారు.

అప్పుడే స్నానం చేసి వచ్చిన వేణుమాధవ్ తల తుడుచుకుంటూ తల్లికి సర్దిచెప్పబోయాడు. "అవ్వా, చూస్తే చూసిన అను. ఎవలేమంటరు?"

అది యమున మాట కంటే ఎక్కువ తగిలింది. సారవ్వ ఈనెల చిప్పను పక్కకు జరిపి లేచింది. ఆ రాత్రి గుడ్లు తిప్పలేదు. అన్నం తినలేదు. తెల్లారి ఆదివారం, చేతి సంచిలో రెండు చీరలు పెట్టుకుని నస్పూర్‌లో ఉన్న బిడ్డ రాజకుమారి ఇంటికి బయల్దేరింది.

"పిల్లలైతే ఫోను చెయ్యిండ్రి. కాకున్నా చెయ్యిండ్రి," అని గడప దిగింది. "నా మీద పెట్టిన పేరు మాత్రం ఈడనే ఉంచుకోండ్రి. నేను మోసుకపోలే."

ఆ తొమ్మిది గుడ్లూ అసలు సారవ్వవే. ఆమె ఊరు ఓపెన్ కాస్టు బొగ్గుగని కిందికి పోయిన నాడు అందరూ మంచాలు, తలుపులు, దూలాలు బండ్లకెత్తుకుంటుంటే ఆమె ఒక గంపలో కోళ్లను పెట్టుకుని వచ్చింది. మెడ మీద ఈక మొలవని బోడిమెడ కోళ్లు. ఆ జాతిలో చివరి పెట్టను దీపావళి ముందు కుక్కలు ఎత్తుకుపోయాయి. గంపలో ఊకలో దాచిన గుడ్లు మిగిలాయి. పొదుగు మీదున్న కోడి కోసం సారవ్వ కాలనీ కాలనీ తిరిగింది, దొరకలేదు. అప్పుడు యమునే అంది, నేను పొదిగిస్త అత్తమ్మా అని. అన్నది యమునే, చేసింది యమునే. సారవ్వ ఏమీ అడగలేదు, గుడ్లు తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. అలాంటి మనిషిని పట్టుకుని అంత మాట అన్నాక యమునకు కూడా కూర రుచి తెలియలేదు. అయినా డబ్బ మీద ఆమెకు నమ్మకం. అంకెకు అత్తా కోడళ్లు లేరు కదా అనుకుంది.

ఆదివారం షాపుకు సెలవు. చివరి మూడు రోజులు గుడ్లు తిప్పడం అక్కర్లేదు, లోపలి పిల్ల తల ఎటు పెట్టుకోవాలో అదే చూసుకుంటుంది. యమున మూత చుట్టూ వెడల్పు టేపు బిగించి అంటించి, పొద్దంతా పక్కనే చాప వేసుకుని కూర్చుంది. బల్బు వెలిగింది, ఆరింది, వెలిగింది. అంకె ముప్పై ఏడుకూ ముప్పై ఎనిమిదికీ మధ్యే తిరిగింది. సాయంత్రం కింది వరుస చూస్తే ముప్పై ఏడు.

"చూసినవా?" అని భర్తను పిలిచి చూపించింది. "అత్తమ్మ లేదు, వేడి పడలే."

గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం మాత్రం ఆ గొంతులో లేదు. వేణుమాధవ్ తెర వైపు చూసి, తల్లి మంచం వైపు చూసి, బయటికి పోయాడు.

సోమవారం మొగుడూ పెళ్లాం ఇద్దరూ డ్యూటీలకు పోయారు. తాళం యమునే వేసింది, చెవి యమున దగ్గరే ఉంది. ఆరోజు వేణుమాధవ్ షిఫ్టు దిగి తిన్నగా షాపుకు వచ్చాడు, ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. తాళం తీసి, లైటు వేసి, యమున వంగి చూసింది.

కింది వరుసలో ఇరవై తొమ్మిది.

టేపు అంచు వెంబడి వేలు పెట్టి చుట్టూ రాసుకుంటూ వచ్చింది. ఎక్కడా లేవలేదు. వేసినది వేసినట్టే ఉంది.

"ఎలుక గిట్ల కొట్టిందేమో," అన్నాడు వేణుమాధవ్.

"ఎలుక టేపు తీసి, తెరిచి, మళ్ల టేపు వేసి పోయిందా?"

యమున కింద కూలబడింది. తాళం వేసిన ఇంట్లో, టేపు వేసిన పెట్టెలో వేడి పడింది. అంటే మొన్నా, అంతకుముందూ కూడా ఎవరూ తెరవకుండానే పడింది. చేయని తప్పుకు ముసలామెను లైనులో అందరి ముందూ నిలబెట్టింది.  ఆమెకు సిగ్గేసింది.

"అవ్వకు ఫోను చేద్దామా?" అన్నాడు వేణుమాధవ్ మెల్లగా.

"ఏమని చెప్తం? ఎవలు తెరిచిన్రో తెల్వదని చెప్తమా? ముందు నన్ను తెలుసుకోనియ్యి."

పెట్టెలో గుడ్ల ఎత్తున ఒక సెన్సర్ వేలాడుతోంది. ఎల్ఎం ముప్పై అయిదు అంటారు, చూడ్డానికి మూడు కాళ్లున్న నల్ల బొడిపె. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే పది మిల్లీవోల్టులు ఎక్కువ చేసి చెప్పడం దాని పని. ఆ వోల్టేజీని అంకెగా మార్చడం ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పని. తక్కువైతే బల్బు వెలిగించడం, ఎక్కువైతే ఆర్పడం యమున రాసిన ప్రోగ్రాం పని. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నట్టున్నారు. అయినా మధ్యలో ఎవరో మాట తప్పుతున్నారు.

ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పానన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. నిజంగా మూత తెరిస్తే పెట్టె మొత్తం చల్లబడాలి. రెండో సెన్సర్ ఉంటే అదీ ఒప్పుకోవాలి.

మంగళవారం పొద్దున్నే షాపుకు పోయి, ఇంకో సెన్సర్‌కు మూడు వైర్లు సోల్డర్ చేసి, మీద ప్లాస్టిక్ తొడుగులు వేసింది. పూట సెలవు అడిగితే జైపాల్ "కోళ్లకు పురుడా?" అని నవ్వి ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చి, మూత తీయకుండా పెట్టె పక్కగోడకు స్వెటర్ అల్లే సూదితో బెజ్జం చేసి, సెన్సర్‌ను లోపలికి తోసి, సందులో దూది కుక్కింది. ఆ వైర్ల రెండో కొసలను బోర్డుకే సోల్డర్ చేసి, ప్రోగ్రాంలో దాన్నీ చేర్చింది. తెర మీద ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన నిలబడ్డాయి. ముప్పై ఏడున్నర, ముప్పై ఏడున్నర. అక్కాచెల్లెళ్లలా ఒకే మాట మీద ఉన్నాయి.

అలా చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నమైంది. ఎవరూ రాలేదు, ఏమీ కాలేదు. నడుం పట్టేస్తే లేచి గుమ్మంలోకి వచ్చింది.

పక్కింటి అరుగు మీద యిర్మియా స్టూలు వేసుకుని చాయ్ తాగుతున్నాడు. కొడుకు క్వార్టర్‌లో ఉంటున్న రిటైర్డు మనిషి. గనిలో బండలు పేల్చే షాట్‌ఫైరర్‌గా పనిచేసి దిగాడు.

"ఏం బిడ్డా, షాపు లేదా?"

"పూట లీవు పెట్టిన కాకా."

"సారవ్వ లేకుంటే లైను సప్పగున్నది. పొద్దుగాల ప్రార్థనల మీ అత్త పేరు కూడ చెప్పింది మా సత్యవతి. సారవ్వ నోరు పెద్దదే గని..."

మైనులో సైరన్ మోగింది. యిర్మియా మాట ఆపలేదు. "...అబద్ధమాడే మనిషైతే కాదు బిడ్డా," అంటూనే ఎడమ చేత్తో స్టూలు మీది గ్లాసును ఎత్తి పట్టుకున్నాడు, కుడి అరచేతిని దాని మీద మూతలా కప్పాడు. ఇంటి లోపల ఆయన భార్య సత్యవతి కూరగాయలు తరుగుతూనే, ఇంకో చేత్తో అలమరలోని స్టీలు గిన్నెలను ఆనించి పట్టుకుంది. ఎదురింటామె ఉయ్యాలను ఊపడం ఆపి, తాడు పట్టుకుని నిలబడింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ఎవరి మాట వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు.

యమున తన చెయ్యి చూసుకుంది. అది పోయి కిటికీ అద్దం మీద ఆని ఉంది. ఎప్పుడు పోయిందో తనకే తెలియదు.

ధన్‌మని భూమి లోపలి నుంచి వచ్చింది దెబ్బ. కాళ్ల కింద గచ్చు కదిలింది. అద్దం ఆమె వేళ్ల కింద జిలజిలలాడి ఊరుకుంది.

"కాకా, ఇప్పుడు బ్లాస్టింగ్ అయింది కదా?"

"అయిందా?" అన్నాడు ఆ షాట్‌ఫైరర్, గ్లాసు స్టూలు మీద దించుతూ.

యమున లోపలికి పరిగెత్తింది. తెర మీద అక్కాచెల్లెళ్లు విడిపోయారు. కొత్త సెన్సర్ ముప్పై ఎనిమిది అంటోంది. పాతది ఇరవై తొమ్మిది అంటోంది. పాతదాని మాట నమ్మి బల్బు భగభగా వెలుగుతోంది. రోజూ కాసేపటికి తనంతట తానే సర్దుకునే అంకె ఈసారి సర్దుకోలేదు. కొత్తది ముప్పై తొమ్మిదికి ఎక్కింది. ఇంకాసేపు ఇలాగే పోతే లోపలున్నవి పిల్లలు కావు, ఉడికిన గుడ్లే.

వైరు వెంబడి వేళ్లు జరిపింది. పాత సెన్సర్ వైర్లు పెట్టె బయట ఒక బ్రెడ్‌బోర్డు బెజ్జాల్లో గుచ్చి ఉన్నాయి. సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చి చూసుకునే ప్లాస్టిక్ పలక అది. 'నడుస్తదో లేదో చూసి తర్వాత సోల్డర్ చేద్దాం' అనుకుని, నడిచింది కదా అని వదిలేసింది. పచ్చ వైరు బెజ్జంలోంచి వెంట్రుకవాసి లేచి ఉంది. వేలితో నొక్కింది. ఇరవై తొమ్మిది చటుక్కున ముప్పై తొమ్మిదైంది. టక్‌మని బల్బు ఆరింది.

యమున ఆ వేలు తీయకుండా అక్కడే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. షాపులో రోజుకు ఎంతమందికి చెబుతుంది, "లూజు కాంటాక్టు అన్నా, ఫోను మంచిగనే ఉన్నది" అని! రోజూ మధ్యాహ్నం గచ్చు కదిలినప్పుడల్లా ఆ పచ్చ వైరు లేచి పడుతోంది. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు. అందుకే ఆదివారం అంకె నిలబడింది. అత్త లేనందుకు కాదు. ఆ లైనులో అందరి చేతులకూ బ్లాస్టింగ్ తెలుసు, ఒక్క తలకూ తెలియదు. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో తాను ఉలిక్కిపడితే అందరూ నవ్వేవాళ్లు. ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తు లేదు.

బల్బును చేత్తో వేస్తూ ఆర్పుతూ వేడి చూసుకుంటూనే, బ్రెడ్‌బోర్డు పీకి పారేసి ప్రతి వైరునూ బోర్డుకు సోల్డర్ చేసింది. వేణుమాధవ్ రాగానే అతణ్ని డబ్బకు కాపలా పెట్టి, నస్పూర్ బస్సెక్కింది.

గోదారి వంతెన దాటుతుంటే చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. రాజకుమారి ఇంటి ముందు సారవ్వ కనబడగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"అత్తమ్మా, నువ్వు తెరువలే."

"నాకెర్కే," అంది సారవ్వ. "నీకెట్లెర్కయింది?"

యమున చెప్పింది. సెన్సర్, వైరు, బ్లాస్టింగ్, అన్నీ. సారవ్వ చాలాసేపు విన్నది. రాజకుమారి చాయ్ గ్లాసు తెచ్చి వదిన ముందు కాస్త గట్టిగానే పెట్టి పోయింది.

"అయితే నీ డబ్బ నా మీద చాడీ చెప్పింది."

"చెప్పింది. నేను నమ్మిన. డబ్బది తప్పు కాదు, నాదే. గట్టిగ సోల్డర్ చెయ్యనిది నేనే. అడగకుంట అనేసింది నేనే. ఇంటికి రా అత్తమ్మా. పొద్దటికి గుడ్లు పగిలి పిల్లలైతయి."

"ఈడ నాలుగు గోడల మధ్య చెప్తున్నవు బిడ్డా," అంది సారవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. "ఆనాడు లైను లైనంత విన్నది. నేను తలకాయ వంచుకోని ఆ లైనుల కెల్లే కదా బస్సుకు పోయిన. మళ్ల అదే లైనుల కెల్లి ఎట్ల రావాలె?"

యమున చాయ్ తాగి ఒంటరిగా తిరిగొచ్చింది.

తెల్లారేసరికి డబ్బలోంచి సన్నగా కిచకిచ వినబడింది. వేణుమాధవ్ తల్లికి ఫోను చేసి, ఫోనును థర్మోకోల్‌కు ఆనించి పట్టుకున్నాడు. అటువైపు కాసేపటికి ఫోను పెట్టేసిన చప్పుడైంది.

మధ్యాహ్నం వీధి మొదట్లో ఆటో ఆగింది. సారవ్వ సంచితో దిగి లైను వెంబడి నడిచి వచ్చింది, కానీ తన గడప ఎక్కలేదు. యిర్మియా అరుగు మీద కూర్చుంది. సత్యవతి మంచినీళ్లు తెచ్చింది. ఇళ్లలోంచి ఒక్కొక్కరే ఏదో పనున్నట్టు బయటికి వచ్చారు. ఒకామె పొడిగా ఉన్న వాకిలినే మళ్లీ ఊడ్చింది.

యమున బయటికి వచ్చి వాకిట్లో నిలబడింది. ఆనాడు ఎంత గొంతుతో అన్నదో అంత గొంతూ తెచ్చుకుంది.

"అందరు వినుండ్రి! మా అత్తమ్మ డబ్బ తెరువలే. ఒక్కనాడు గూడ తెరువలే. నేను వైరు లూజుగ పెట్టిన. బ్లాస్టింగ్‌కు అది ఊగింది. తప్పు నాది, నిందేమో ఆమె మీదేసిన!"

 సారవ్వ నీళ్ల చెంబు దించి మూతి తుడుచుకుంది.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. ఆ కొసింటి పూలమ్మకు చెముడు."

ముందు నవ్వింది యిర్మియా. తర్వాత లైను మొత్తం నవ్వింది. యమున కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఇంకోసారి అరిచి చెప్పింది. పూలమ్మ కొస ఇంటి నుంచి చెయ్యి ఊపింది. అప్పుడు లేచింది సారవ్వ. సంచి కోడలి చేతికి ఇచ్చి గడప ఎక్కింది.

సైరన్ మోగేవేళకు ఇద్దరూ డబ్బ ముందు ఉన్నారు. సారవ్వ చెయ్యి దానంతట అదే పోయి పెట్టె మీద ఆనింది, కోడి వీపు మీద పెట్టినట్టు. గచ్చు కదిలింది. గిన్నెలు గలగలమన్నాయి. తెర మీద రెండు అంకెలూ ముప్పై ఏడున్నర దగ్గర కదలకుండా నిలబడ్డాయి. లోపల కిచకిచ ఒక్క క్షణం ఆగి, రెండింతలైంది. యమున గాలిలోకి పిడికిలి ఊపింది, ఊపి సిగ్గుపడింది.

రాత్రంతా ఒక్కో పిల్లే పెంకు పగలగొట్టుకుని బయటపడింది. తడి ఆరేదాకా తీయకూడదు. గురువారం కూడా యమున షాపుకు పోలేదు. అన్నం వేళకు మూత చుట్టూ టేపు ఒలిచి, అంచు మీద చెయ్యి వేయకుండా వెనక్కి జరిగింది.

"నువ్వు తెరువు అత్తమ్మా."

"నేనా?" అంది సారవ్వ. "మళ్ల డబ్బ ఏమన్న చెప్తదేమో!"

"చెప్పనియ్యి."

సారవ్వ కొంగుకు చేతులు తుడుచుకుని మూత ఎత్తింది. వెచ్చటి ఆవిరి మొహానికి తగిలింది. ఏడు పిల్లలు వెలుగు చూసి తలలెత్తాయి. రెండు గుడ్లు విచ్చుకోలేదు, వాటిని పక్కకు తీసింది. తర్వాత ఒక్కో పిల్లనూ పట్టి మెడ వెనక్కి బొటనవేలితో నిమిరి చూసింది. నాలుగింటి మెడ మీద నూగు లేదు, గులాబీ రంగు చర్మమే ఉంది. వాటిలో ఒకదాన్ని చెంపకు ఆనించుకుంది.

"మా ఊరిదే," అంది. 

షిఫ్టు దిగి, మసి మొహంతోనే వచ్చిన వేణుమాధవ్ అలవాటు కొద్దీ ముందు డబ్బ మీదికే వంగాడు. కింది వరుసలో ఇరవై ఎనిమిది ఉంది. పక్కనే ఉన్న రెండో అంకె కూడా ఇరవై ఎనిమిదే.

"రెండు పడ్డయి," అన్నాడు కంగారుగా. "ఇయ్యాల మధ్యాహ్నం నిజంగనే ఎవలో తెరిచిన్రు!"

వెనక పెరట్లో సారవ్వ గంప కింద పిల్లలకు నూకలు చల్లుతోంది. యమున మీట మీద వేలు పెట్టింది. కానీ ఆ అంకెను చెరపలేదు.

"మా అత్తమ్మ తెరిచింది!" అంది, లైనంతా వినబడేటట్టు.